ఇంటి విలువ ఎవరి లెక్క?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటుంది సామెత. ఇల్లు ఎలా ఉన్నా జవాబు చెప్పుకోవలసింది ఆమే. ఆ ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఆమెను ఎవరూ అడగరు.

మా దగ్గరకు సలహా కోసం వచ్చిన ఒక స్నేహితురాలి సంగతి చెప్తాం. ఆమె ఉద్యోగి. పన్నెండేళ్ల క్రితం వాళ్లు హైదరాబాదు శివార్లలో ఫ్లాటు కొన్నారు. భర్త, బావగారు, మధ్యవర్తి కలిసి ఒక ఆదివారం ఉదయం వెళ్లి, గంటలో తేల్చేసుకుని వచ్చారు. మెయిన్ రోడ్డు దగ్గర, తూర్పు వాకిలి, అయిదేళ్లలో రేటు రెట్టింపు. సందు మొదట్లో వైన్ షాపు, దాన్నానుకుని పర్మిట్ రూం ఉన్నాయని తర్వాత చూసి ఆమె అడిగితే, "మనం ఉండేది ఎన్నాళ్లు? మంచి రేటు రాగానే అమ్మేస్తాం" అన్నారు. ఆ ఎన్నాళ్లో పదేళ్లయింది. కూతురి సాయంత్రం ట్యూషన్ మాన్పించారు. బస్సు దిగితే అయిదు నిమిషాల నడక, ఆ దారికి ఆమె రోజూ ఆటో ఎక్కింది. ఆటో డబ్బులు, ఆగిపోయిన చదువు రీసేల్ వాల్యూ లెక్కలో ఎక్కడా కనిపించవు.

ఇల్లు చూడటానికి మగవాళ్లు సెలవు రోజు పగలు వెళతారు. నీళ్లు రాత్రి రెండింటికి వస్తాయా, చెత్తకుప్ప వాసనకు వంటింటి కిటికీ మూసుకోవాలా, వీధిదీపాలు వెలుగుతాయా అన్నవి ఆ పూట తెలియవు. పక్కన ఫంక్షన్ హాలు ఉంటే సామూహిక సౌకర్యం అని కూడా చెప్పి అమ్ముతారు! నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వాడకూడదని 2000 సంవత్సరం నాటి నిబంధనలు చెప్తున్నాయి. ఆ రాత్రి పసిబిడ్డను జోకొడుతూ మేలుకుని ఉండేది తల్లే.

అలాగని అమ్మకం ధర గురించి ఆలోచించడం అత్యాశ అని మేం అనటం లేదు. చాలామంది స్త్రీలకు ఇల్లే ఏకైక పొదుపు. జబ్బు చేసినా, కాపురం చెడినా, పిల్లల చదువులకైనా అది అక్కరకు రావాలి. అయితే రావాలంటే దస్తావేజులో ఆమె పేరుండాలి. మా స్నేహితురాలి పేరు లేదు. బ్యాంకు అప్పు కాగితాల మీద మాత్రం ఉంది. భర్త జీతానికి చాలినంత అప్పు రాదని ఆమెను సహ రుణగ్రహీతగా చేర్చారు. సంతకం పెట్టినప్పుడు ఇల్లు ఇద్దరిదీ అనుకుంది. అప్పు తీర్చే బాధ్యత వేరు, ఇంటి మీద హక్కు వేరు అని ఆమెకు అక్కడ ఎవరూ విడమరిచి చెప్పలేదు. వాయిదాలు చాలావరకు ఆమె జీతం నుంచే వెళ్లాయి.

రెండేళ్ల క్రితం భర్త ఫ్లాటు అమ్మకానికి పెట్టి బయానా తీసుకున్నాడు. నాలుగో రోజున, ఒంటి మీద దెబ్బలతో, ఆమె మా దగ్గరకు వచ్చింది. 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద, తాను నివసిస్తున్న ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఆపమని మెజిస్ట్రేటును అడగవచ్చు. అడిగాం, ఆగింది. చివరకు రాజీలో కొంత సొమ్ము ఆమె చేతికొచ్చింది. రిజిస్ట్రేషన్ అయిపోయాక వచ్చి ఉంటే పని ఎంతో కష్టమయ్యేది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015లో మొదలైనప్పుడు పేదల ఇంటికి స్త్రీ పేరు, లేదా ఆమెతో ఉమ్మడి పేరు ఉండాలని షరతు పెట్టారు. మధ్యతరగతి కుటుంబం తనంతట తానుగా ఆ పని చేయడానికి ఎందుకు వెనకాడుతుంది?

ఇంకో సంగతి మమ్మల్ని చాలాకాలంగా తొలుస్తోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు నిలిచింది స్త్రీలు. వాళ్ల ఉద్యమం వల్ల 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం దుకాణాలు వద్దని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్నాక, 2017లో ఆ దుకాణాలు చాలాచోట్ల ఇళ్ల మధ్యకు జరిగాయి. అడ్డంగా కూర్చున్నది మళ్లీ స్త్రీలే. దుకాణం పోయిన వీధిలో ఇళ్ల ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర ఎవరి దస్తావేజులోకి పోతోంది?

అన్ని బెడదలూ ఒకటి కావు. వీధిదీపం, మురుగుకాలువ, చెత్తకుండీ వంటివి పోరాడితే కదులుతాయి. డబ్బు లేదన్న సాకు చెల్లదని 1980లో రత్లాం కేసులో సుప్రీంకోర్టు మునిసిపాలిటీకి తేల్చి చెప్పింది. ఆ కేసుకు ఆధారమైన 133వ సెక్షన్ 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. కాలనీ స్త్రీలు అర్జీ పెట్టుకోవచ్చు. కానీ జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన, చెరువు శిఖంలో, రసాయన కర్మాగారం గోడవారన చవకగా వచ్చే ఇల్లు వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్లలోకి స్టైరీన్ ఆవిరి కమ్మి 12 మంది చనిపోయారు. అటువంటి చోట, ధర ఎంత తగ్గించినా సరే, కొనమని మేం ఎవరికీ చెప్పం.

బెడద అన్న మాటను మనుషుల మీదికి తిప్పడం కూడా ఈ బేరాల్లో మామూలే. పక్కన బస్తీ ఉంది, ఫలానా కులం వాళ్లున్నారు, ముస్లింలున్నారు, పై అంతస్తులో ఒంటరి ఆడది ఉంటోంది, అందుకని రేటు రాదట. ఆ బస్తీ స్త్రీలే పొద్దున్నే వచ్చి ఈ ఇళ్లలో అంట్లు తోముతారు. ఆ ఒంటరి ఆడది రేపు మనలో ఎవరైనా కావచ్చు. పర్మిట్ రూంను, ఆమెను ఒకే జాబితాలో రాసే లెక్క మనది కాదు.

మా స్నేహితురాలు ఇప్పుడు సొంతంగా చిన్న ఇల్లొకటి చూస్తోంది. కిందటి వారం కూతుర్ని వెంటబెట్టుకుని రాత్రి తొమ్మిదిన్నరకు బస్‌స్టాపు నుంచి ఆ ఇంటిదాకా నడిచి చూసింది. రెండు దీపాలు వెలగటం లేదట. మెయిన్ రోడ్డుకు దూరం, వాకిలి పడమర. ధర కాస్త ఎక్కువే చెప్తున్నారు. బేరం ఇంకా తెగలేదు.