ముందు లెక్క, తర్వాతే జీవో

ప్రభుత్వ కార్యాలయాన్ని విడదీసినా, రెండు శాఖలను కలిపినా, అయ్యే ఖర్చెంతో మిగిలేదెంతో జీవో కంటే ముందే జనం ముందుంచాలి. ఆర్థిక శాఖ ఆమోదం తీసుకుంటారు కదా అనవచ్చు. అది ఫైల్లో ఉండే అంచనా, పౌరుడు నిలదీసి అడగగలిగే లెక్క కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మేలో ఎక్సైజ్ సిబ్బందిలో ఎక్కువమందిని మళ్లించి స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరోను పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేసి వాళ్లను పాత శాఖకే పంపారు. నాలుగేళ్లలో మనుషులు, రికార్డులు, కేసులు రెండుసార్లు చేతులు మారాయి. ఏ పార్టీ చేసినా ఇలాంటి రాకపోకల ఖర్చు భరించేది ఖజానాయే.

కడప జిల్లాలో ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఎదురవుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అదే ఏడాది పులివెందులకు కొత్తగా రెవెన్యూ డివిజన్ దక్కింది. 2011 జనాభా లెక్కల్లోనే లక్షన్నర దాటిన ప్రొద్దుటూరు మాత్రం, తనకంటే ఎంతో చిన్నదైన జమ్మలమడుగు కేంద్రంగా ఉన్న డివిజన్ కిందే ఉంది. పులివెందుల రైతుకు ఆర్డీవో కార్యాలయం దగ్గర కావడం మంచిదే, దాన్ని వెనక్కి తీసుకోమనడం మా ఉద్దేశం కాదు. కానీ పట్టాదారు పాసుపుస్తకం మీద అప్పీలు వేసిన ప్రొద్దుటూరు మనిషి బస్సు ఛార్జీ, పోగొట్టుకున్న ఒక రోజు కూలి ఏ బడ్జెట్ పద్దులోనూ కనబడవు. సర్కారు మిగిల్చానని చెప్పుకునే సొమ్ములో కొంత ఇలా జనం జేబులోంచే పోతుంది. జీతాలు, అద్దెలు, వాహనాలతోపాటు దీన్ని కూడా కలిపితేనే నిజమైన లెక్క తేలుతుంది.

పాలన వ్యాపారం కాదు, దగ్గరితనానికి వెల కట్టలేమనే వాదనలో బలం ఉంది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినప్పుడు కార్యాలయాలు మూడింతలు దాటాయి, ఖర్చూ పెరిగింది. అయినా ఆ మార్పు నలభై ఏళ్లుగా నిలిచింది. కార్యాలయంతోపాటు సంతకం పెట్టే అధికారం కూడా పల్లె దగ్గరకు రావడమే అందుకు కారణం. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా ఉద్యోగులొచ్చారు కానీ, అర్జీ ఊళ్లో తీసుకుని నిర్ణయం కోసం పైకే పంపే పనులు చాలా మిగిలాయి. ఆ ఉద్యోగులను 2025లో జనాభాను బట్టి సర్దారు. అధికారాన్ని కదిలించకుండా మనుషులను మాత్రమే కదిలిస్తే వచ్చే పొదుపు స్వల్పం.

అందుకే ప్రొద్దుటూరుకూ ఒక డివిజన్ అనే కోరిక న్యాయమైనదే అయినా, కొత్త భవనం, కొత్త పోస్టులతో దాన్ని తీర్చడాన్ని మేం సమర్థించం. జమ్మలమడుగు ఆర్డీవో వారంలో రెండు నిర్ణీత రోజులు ప్రొద్దుటూరులోనే అర్జీలు, అప్పీళ్లు విచారించాలి. తహసీల్దారు స్థాయిలో తేల్చగలిగేవి అక్కడే తేల్చేలా నిబంధన మార్చాలి. ఇందుకయ్యే ఖర్చు కొత్త డివిజన్ ఖర్చులో చిన్న భాగం. ఇక పులివెందుల డివిజన్‌పై 2022 నుంచి ఏటా ఎంత వెచ్చించారో, ఎన్ని అర్జీలు ఎన్ని రోజుల్లో పరిష్కరించారో జిల్లా యంత్రాంగం ప్రకటించాలి. ఆ అంకెలు బయటికి వచ్చేదాకా జిల్లాలో మరో కార్యాలయాన్ని విడదీయరాదు, కలపరాదు.