తేలిక తుపాకీ, బరువైన తన్ను
అమెరికాలోని కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్లేవాళ్లు మూడు కిలోల రైఫిల్ కావాలంటారు, అందులో 1963 నాటి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా పేలాలంటారు. అదే తూటాకు నాలుగు కిలోల తుపాకీని మూడుకు దించితే వెనక్కి తన్నే శక్తి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. భుజం నొప్పి రెండ్రోజుల్లో పోతుంది. అసలు చేటు జడుపుది: ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి, గుండెకు తగలాల్సింది పొట్టలో దిగుతుంది, జంతువు ఎక్కడో పొదల్లో నెత్తురోడుతూ చస్తుంది. గొట్టం కొసకు మజిల్ బ్రేక్ బిగిస్తే తన్నుడు తగ్గేమాట నిజమే గానీ, ఆ చప్పుడు పక్కవాడి చెవులకు శిక్ష. నన్నడిగితే (వేట నిషేధమైన దేశంవాణ్ని, నన్నెవరడుగుతారు!) తక్కువగా తన్నే 7ఎంఎం-08 తూటాతో సరిపెట్టుకుని జంతువుకు కాస్త దగ్గరగా వెళ్లండి. మాగ్నమే కావాలంటే ఆ నాలుగో కిలో మోయండి. నడుం చుట్టూ ఉన్న కిలో కరిగించడం తేలికైన టైటానియం తుపాకీ కొనడం కన్నా చవక.