సెలవుల సభ్యత్వం: సంతకానికి ముందు లెక్క

పెళ్లి బట్టలకో, పండుగ బట్టలకో పట్నం వెళ్లిన వారిచేత దుకాణంలో బిల్లుతో పాటు ఒక చీటీ నింపించడం కొన్నేళ్లుగా మామూలైపోయింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వయస్సు, ఏడాది ఆదాయం రాసి డబ్బాలో వేస్తారు. వారం తిరగకముందే ఫోన్ వస్తుంది. "మీకు బహుమతి తగిలింది, ఆదివారం ఫలానా హోటలుకు భార్యాభర్తలిద్దరూ రండి" అంటారు. ఒక్కరే వస్తే కుదరదంటారు. ఎందుకు కుదరదో అక్కడికి వెళ్లాక గాని తెలియదు. ఇంటికెళ్లి ఆమెను అడిగి చెబుతానని ఆయన గాని, ఆయన్ని అడిగి చెబుతానని ఆమె గాని లేచి రాకుండా ఉండడానికే ఈ ఏర్పాటు.

హోటల్లో చల్లని హాలు, టీ, బిస్కెట్లు, గోడ మీద కొండలు, సముద్రాల బొమ్మలు. మెడకు టై కట్టిన కుర్రవాడు "అంకుల్, ఆంటీ" అంటూ రెండు మూడు గంటలు వదలడు. ఆయన చెప్పేదాని సారాంశం ఒకటే. ఇప్పుడు కొన్ని లక్షల రూపాయలు కడితే పాతికేళ్ల పాటు ఏడాదికి ఏడు రోజులు ఆ కంపెనీ విడిది గృహాలలో ఎక్కడైనా ఉండవచ్చు. దీనినే టైమ్‌షేర్ అంటున్నారు. తగ్గింపు ధర ఈ ఒక్క రోజుకే అంటారు. రేపటికి ధర పెరుగుతుందంటారు.

ఒకప్పుడు నగరాల ఉద్యోగులకే పరిమితమైన ఈ బేరం ఇప్పుడు పల్లె గడపలకూ వచ్చింది. పదవీ విరమణ సొమ్ము చేతికొచ్చిన ఉపాధ్యాయుడు, రోడ్డు కింద పోయిన పొలానికి పరిహారం అందుకున్న రైతు, పిల్లలు విదేశాల నుంచి డబ్బు పంపే తల్లిదండ్రులు ఇలాంటి హాళ్లలో కూర్చోవలసి వస్తున్నది. ఈ సభ్యత్వం కొనడం వల్ల పల్లె కుటుంబానికి లాభమా, నష్టమా అనేది తీరికగా ఆలోచించవలసిన విషయం.

కొంటున్నది ఏమిటి?

టైమ్‌షేర్ అనేది నిన్న మొన్న పుట్టింది కాదు. 1960లలో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండల్లో మొదలై, 1970లలో అమెరికాలో విస్తరించి, 1980లలో భారతదేశానికి వచ్చింది. దానంతట అది మోసమని అనడానికి వీలు లేదు. చెప్పినట్లుగానే గదులు ఇస్తున్న కంపెనీలూ ఉన్నాయి, ఏటా వెళ్లి సంతోషంగా తిరిగి వస్తున్న కుటుంబాలూ ఉన్నాయి. చిక్కంతా కొనేవారికి తాము కొంటున్నది ఏమిటో తెలియకపోవడంలో ఉంది.

"హోటల్లో మీకూ వాటా" అన్న మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని ఈ దేశంలో అమ్ముతున్న సభ్యత్వాలలో చాలావరకు దస్తావేజు ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు, సెంటు భూమి కూడా పేరు మీదికి రాదు. వచ్చేది కేవలం వాడుకునే హక్కు. అదీ గడువు తీరేవరకే.

రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది ఒక రకం కౌలు. పాతికేళ్ల కౌలు మొత్తం ముందుగానే కట్టేసి, ఏడాదికి ఏడు రోజులే చేలో దిగుతానని ఒప్పుకున్నట్లు. అంతటితో అయిపోదు. నిర్వహణ ఖర్చు పేరుతో ఏటా వేరే రుసుము కట్టాలి. చేను బీడు పెట్టినా నీటి తీరువా కట్టమన్నట్లు, ఆ ఏడాది వెళ్లినా వెళ్లకపోయినా ఆ రుసుము తప్పదు. బాకీ పడితే గది ఇవ్వరు. హాల్లో ఈ సంగతి చివరి పది నిమిషాలలో గాని బయటికి రాదు.

కాగితం మీద లెక్క

లెక్క తేలికగా ఉండడానికి సభ్యత్వం 4 లక్షల రూపాయలు, ఏటా కట్టవలసిన రుసుము 15 వేలు అనుకుంటే, అమ్మేవాడు వేసే లెక్క ఇలా ఉంటుంది: 4 లక్షలను 25తో భాగిస్తే ఏడాదికి 16 వేలు, ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 2,300 రూపాయలైనా కాదు. ఇంత చౌక ఎక్కడా లేదంటాడు.

ఈ లెక్కలో రెండు సంగతులు దాగి ఉన్నాయి. మొదటిది, ఏటా కట్టే రుసుమును కలపలేదు. రెండవది, 4 లక్షలకు వడ్డీ వేయలేదు. అదే సొమ్ము బ్యాంకులో వేసి, నూటికి ఏడాదికి 6 రూపాయలే వస్తాయనుకున్నా 24 వేలు. దానికి రుసుము 15 వేలు కలిపితే 39 వేలు. అంటే ఏడు రాత్రుల బసకు రాత్రికి 5,500 రూపాయలు దాటింది. పైగా బ్యాంకులో వేసిన 4 లక్షలు పాతికేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటాయి. సభ్యత్వానికి కట్టినవి ఉండవు.

ఇక బ్యాంకులో సొమ్ము లేక, ఊళ్లో నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన వారి సంగతి చెప్పనక్కర లేదు. 4 లక్షలకు నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు. రుసుముతో కలిపి 1 లక్షా 11 వేలు. ఒక్కో రాత్రికి దాదాపు 16 వేలు పడుతుంది. ఆ ధరకు నిద్రపోయే గది ఏ పల్లె కుటుంబమూ అడిగి ఎరుగదు.

రుసుము కూడా 15 వేల దగ్గర ఆగదు. ఏటా నూటికి 6 రూపాయల చొప్పున పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపవుతుంది, చివరి ఏడాదికి 60 వేలు దాటుతుంది. అప్పటికి కట్టేవాడి వయస్సు ఎంత, ప్రయాణం చేసే ఓపిక ఎంత అన్నది కూడా లెక్కలో చేర్చవలసిందే.

మరోవైపు అరకు, హార్స్‌లీ హిల్స్, నాగార్జునసాగర్ వంటి చోట్ల ఆయా రాష్ట్రాల పర్యాటక సంస్థల విడిది గృహాలు ఉన్నాయి. రెండు మూడు వేల రూపాయలకు శుభ్రమైన గది దొరికే ఊళ్లు దేశంలో ఎన్నో ఉన్నాయి. వెళ్లిన ఏడాది డబ్బు కడతారు, వెళ్లని ఏడాది కట్టరు.

తీరిక ఎప్పుడు?

డబ్బు సంగతి పక్కన పెట్టినా, రైతు కుటుంబానికి తీరిక క్యాలెండర్ చూసుకుని రాదు. తొలకరి పడితే దుక్కులు, ఆ తర్వాత నాట్లు, కలుపు, ఎరువు. ఆపైన కోతలు, నూర్పిళ్లు, ధాన్యం అమ్మకం. కాస్త ఊపిరి పీల్చుకునేది సంక్రాంతికి, మళ్లీ ఎండాకాలంలో. పిల్లల బడి సెలవులూ అప్పుడే.

కాని విడిది గృహాలకు గిరాకీ ఉండేదీ ఆ రోజుల్లోనే. అందుకే కంపెనీలు ఏడాదిని గిరాకీని బట్టి విడగొట్టి, ఒక్కో భాగానికి ఒక్కో రంగు పేరు పెట్టి, ఒక్కో ధరకు అమ్ముతాయి. వేసవి, దసరా, సంవత్సరాది సెలవులు కావాలంటే ఖరీదైన రంగు కొనాలి. చౌక రంగు కొంటే వచ్చేవి ఎక్కువగా వానాకాలపు రోజులు. నాట్లు వదిలి కొండలెక్కే రైతు ఎవరు? ఖరీదైన రంగు కొన్నవారికీ గది ఖాయం కాదు. నెలల ముందు అడగాలి, ఖాళీ ఉంటేనే దొరుకుతుంది.

ఒక గేదె ఉన్న ఇంట్లో కూడా ఏడు రోజులు ఊరు విడవాలంటే పాలు పితికే మనిషిని చూసుకోవాలి. పైగా పల్లెలో ప్రయాణమంటే ఆలుమగలు, ఇద్దరు పిల్లలు మాత్రమే కాదు. అత్తమామలు, వదిన, మేనల్లుళ్లు అందరూ కలిసి తిరుపతికో, శ్రీశైలానికో, అన్నవరానికో బయలుదేరతారు. దేవస్థానం గదిలోనో, సత్రంలోనో దిగుతారు. టైమ్‌షేర్ గదికి పెద్దలు ఇంతమంది, పిల్లలు ఇంతమంది అని పరిమితి ఉంటుంది. మున్నార్, కూర్గ్, గోవా వరకు ప్రయాణ ఛార్జీలు, అక్కడి భోజనం ఖర్చు సభ్యుడివే. గది "ఉచితం" అనుకుని వెళ్లినవారు భోజనం బిల్లు చూసి తెల్లబోవడం ఉంది.

ఎవరికి లాభం?

నెల జీతం, ముందుగా తెలిసే సెలవులు, చేతిలో అప్పు కాని సొమ్ము, ఏటా తప్పకుండా ఇలాంటి విడిదికి వెళ్లే అలవాటు, ఈ నాలుగూ ఉన్నవారికి సభ్యత్వం గిట్టుబాటు కావచ్చు. వారు కూడా ఒక పరీక్ష చేసి చూడడం మంచిది. ట్రాక్టరు కొనేముందు పాత ట్రాక్టరు ఎంతకు పోతున్నదో కనుక్కోని రైతు ఉండడు. అలాగే పాత సభ్యుడు ఒకరిని పట్టుకుని, తన సభ్యత్వం ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో అడగాలి. కట్టినదానిలో చిన్న భాగానికి కూడా కొనేవాడు దొరకడం కష్టమని చాలామంది చెబుతారు. సరుకు అసలు విలువ అదే.

"మూడేళ్ల తర్వాత రెట్టింపు ధరకు మేమే అమ్మిపెడతాం" అనే మాట ఒప్పందంలో ఎక్కడా ఉండదు. ఉండదు సరికదా, నోటి మాటలకు కంపెనీ బాధ్యత వహించదని చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. అమ్ముకోలేక అవస్థ పడుతున్న సభ్యులకు ఫోన్ చేసి, కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, ముందుగా పన్ను కింద కొంత సొమ్ము పంపండి అని రెండోసారి దోచుకునే ముఠాలు కూడా తయారైనాయి.

వడ్డీ ఆశ చూపితే

మరొక రకం బేరం మరింత ప్రమాదకరమైనది. "విడిదికి వెళ్లకపోయినా ఫరవాలేదు, గడువు తీరాక సొమ్ము పెరిగి తిరిగి వస్తుంది" అంటారు. అప్పుడది సెలవుల సభ్యత్వం కాదు, డిపాజిట్. పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ హోటల్ గదుల రాత్రుల పేరిట దేశంలో 50 లక్షల మందికి పైగా జనం నుంచి 7 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని, సొమ్ము తిరిగి ఇవ్వాలని 2016 ఫిబ్రవరిలో సెబీ ఆదేశించింది. ఆ తర్వాత ఆస్తుల వేలం, కోర్టులు అంటూ ఏళ్లు గడిచాయి. అగ్రిగోల్డ్ దెబ్బ చూసిన తెలుగు పల్లెలకు ఈ కథ కొత్తగా చెప్పనక్కర లేదు. అప్పుడూ ఏజెంటు పరాయివాడు కాదు, ఊరివాడే, చాలా ఇళ్లకు బంధువే.

చట్టం ఏమంటుంది?

ఐరోపా దేశాలలో టైమ్‌షేర్ కొన్నవారు కారణం చెప్పకుండానే 14 రోజులలోగా రద్దు చేసుకోవచ్చునని, ఆ గడువులో అడ్వాన్సు కూడా తీసుకోరాదని 2008 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం చెబుతున్నది. భారతదేశంలో టైమ్‌షేర్ కోసమే చేసిన అలాంటి చట్టం లేదు. ఇది పెద్ద లోపం. హోటల్ హాలులో మూడు గంటల ఒత్తిడి మీద పెట్టించిన సంతకానికి రెండు వారాల గడువు ఇవ్వడం వల్ల నిజాయితీగా వ్యాపారం చేసే కంపెనీకి పోయేదేమీ లేదు. ప్రభుత్వం ఈ విషయమై ఆలోచించాలి.

కొన్ని కంపెనీల ఒప్పందాలలో కొద్ది రోజుల రద్దు గడువు ఉంటుంది. సంతకం చేసి ఇంటికొచ్చి పశ్చాత్తాపపడేవారు ముందుగా ఆ పేజీ వెతకాలి. గడువులోగా స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రశీదు దాచుకోవాలి. ఖాతా నుంచి నెలవారీ కోతకు సంతకం చేసి ఉంటే బ్యాంకుకు కూడా రాసి ఇవ్వాలి.

చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వివాదాలు చెన్నైలోనో, ముంబైలోనో తేల్చుకోవాలని ఒప్పందంలో రాసి ఉన్నా భయపడనవసరం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలన్నది మాత్రం మరువరాదు. ముందుగా సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఇంత దూరం రాకుండా ఉండాలంటే ఉపాయం ఒకటే. హాలులో ఎంత మర్యాద చేసినా, ఎంత తగ్గిస్తామన్నా, "ఒప్పందం నకలు ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్లి పిల్లలకు చూపించి పది రోజుల్లో చెబుతాం" అని లేవాలి. నకలు ఇచ్చిన కంపెనీ సంగతి చదివి ఆలోచించవచ్చు. ఇవ్వనన్న కంపెనీతో ఇక మాట్లాడవలసిన పని లేదు. ఆవును కొనేటప్పుడు పళ్లు చూసి, నడిపించి, పాలు పితికి గాని బయానా ఇవ్వని రైతు, చూడని కొండ మీది గదికి పాతికేళ్ల సొమ్ము ఒక్క ఆదివారం నాడు కట్టి రావడం వివేకం కాదు.