కల్పిత పురాణములును మన యూహలును

గడచిన సంవత్సరమున మన వసతిగృహమునందు పదవ తరగతి విద్యార్థు లిరువురు పదునైదు దినములపాటు ఒకరితో నొకరు మాటలాడుట మానివైచిరి. పరీక్షలో నొకరు రెండవవారిని మించుటచేతగాని, ఆటస్థలమున తగవు పడుటచేతగాని యిట్లు జరుగలేదు. భూమిమీద నెన్నడును లేని యొక జాతి యెట్లు నశించెనను ప్రశ్నయే వారి మైత్రికి విఘాతమయ్యెను. ఆ సంగతి విని నేను మొదట నవ్వితిని; పిమ్మట "అబద్ధమునుగూర్చి మఱియొక యబద్ధము చెప్పుకొనుటకా యింత పంతము?" అని వారిని మందలించితిని. చరిత్ర బోధించువాడనైన నేను అట్లు మందలించుట తొందరపాటని యిప్పుడు నాకు తోచుచున్నది. ఏల తోచినదో తల్లిదండ్రులకును, విద్యార్థులకును విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బాలురు వాదించినది 'ది ఎల్డర్ స్క్రోల్స్' అను కంప్యూటరు ఆటలనుగూర్చి. అమెరికా దేశమునందలి బెథెస్డా సంస్థవారు వీనిలో మొదటిదానిని 1994వ సంవత్సరమున వెలువరించిరి. పిమ్మట 1996లో 'డాగర్‌ఫాల్', 2002లో 'మారోవిండ్', 2006లో 'ఆబ్లివియన్', 2011లో 'స్కైరిమ్' వచ్చినవి. వీనియందు టామ్రియెల్ అను నొక కల్పిత ఖండము గలదు. దానికి దేవతలు, యుగములు, రాజవంశములు, మతభేదములు అన్నియు కల్పింపబడినవి. ఆటలోని యిండ్లయందును, గ్రంథాలయములయందును పుస్తకము లుండును. ఆడువారు వానిని తెఱచి చదువుకొనవచ్చును. విశేష మేమనగా, ఆ పుస్తకము లొకదానితో నొకటి యేకీభవింపవు. ఆటను కల్పించినవారు తామే ముందునకు వచ్చి "జరిగిన దిది" యని చెప్పరు. ఆయా పుస్తకములను వ్రాసిన పాత్రలు తమ తమ పక్షములను మాత్రమే చెప్పుకొందురు.

ఈ చిక్కులలో మిక్కిలి ప్రసిద్ధమైనది డ్వెమర్ అను జాతివారి యంతర్ధానము. వీరు భూగర్భమున నగరములు నిర్మించి, ఆవిరితో నడచు యంత్రములను చేసినవారు, దేవతలను లెక్కసేయనివారు. ప్రథమ యుగము 700వ సంవత్సరమున, ఎఱ్ఱకొండకడ జరిగిన యుద్ధములో వీరు ఒక్కమాఱుగా లేకపోయిరి. వీరి ప్రధాన శిల్పియగు కాగ్రెనాక్, లోర్ఖన్ అను దేవుని హృదయము ఆ కొండక్రింద నుండుట కనుగొని, దాని శక్తిని వశపఱచుకొనుటకు మూడు పనిముట్లు చేసెనని కథ. వివెక్ అను దేవతాపురుషుడు చెప్పిన వృత్తాంతమునుబట్టి, కాగ్రెనాక్ ఆ పనిముట్లను హృదయముపై ప్రయోగింపగా ఆ జాతివారెల్లరు నొక్క క్షణమున నదృశ్యులైరి. మఱియొక గ్రంథమునుబట్టి, వారి శత్రువులే యా పనిముట్లను గైకొని ప్రయోగింపగా డ్వెమరులు యుద్ధభూమిపై ధూళియై రాలిరి. 'మారోవిండ్'లో డ్వెమరు డొక్కడు సజీవుడై కనబడును. కాని యాతడు ఆ సమయమున వేఱొక లోకమున నుండెను. తిరిగి వచ్చునప్పటికి తనవారు లేరు. సాక్షి దొరకెనుగాని సాక్ష్యము దొరకలేదు.

ఈ ఖాళీని పూరించుటకే లోకమునందలి క్రీడాభిమానులు అనేక సిద్ధాంతములను కల్పించుచున్నారు. మన విద్యార్థులలో నొకడు, డ్వెమరు లందఱు తాము నిర్మించిన ఇత్తడి మహావిగ్రహమునకు చర్మమై దానిలో లీనమైరని వాదించెను. రెండవవాడు, వారు వేఱొక లోకమునకు చేరిరనియు, 'స్కైరిమ్'లో ఆర్నియెల్ గేన్ అను పండితుడు కాగ్రెనాక్ కార్యమును తానును జేయబోయి, ఆ మూటిలో నొకటియగు కత్తితో మణిని కొట్టి కన్నుల యెదుటనే మాయమగుట దీనికి నిదర్శనమనియు వాదించెను.

మందలించినంతమాత్రమున వారి పంతము తీఱలేదు. అప్పుడు నేను వారికి చెఱియొక కాగితము నిచ్చి, మూడు గడులు గీయుమంటిని. మొదటి గడిలో ఆటయందు కంటికి కనబడునది. రెండవదానిలో ఎవరో చెప్పినది, చెప్పినవా రెవరో, వారికి దానివలన ప్రయోజన మేమో. మూడవదానిలో తమ యూహ. ఇట్లు వ్రాయుడని చెప్పితిని. రెండు దినములకు కాగితములు వచ్చినవి. ఇరువురి మొదటి గడులును ఇంచుమించుగా నొక్కటియే! మూడవ గడులు మాత్రము నిండియుండెను. చర్మసిద్ధాంతమును పట్టినవాడు తన ముఖ్యాధారము ఆటలోని పుస్తకము గాదనియు, ఆ యాటలకు రచన చేసిన మైకేల్ కిర్క్‌బ్రైడ్ సంస్థను విడిచిన పిమ్మట వేఱుగా వ్రాసినవానినుండి పుట్టినదనియు తానే కనుగొనెను. రెండవవాడు, పండితుడు మాయమగుట నిజమేగాని యొక లోకమునకు చేరెననుట తన మాటయని యొప్పుకొనెను. ఎవరును గెలువలేదు, ఇరువురును మాటలాడుకొనిరి. నా వృత్తిలో నేను సంవత్సరములుగా నేర్పజూచుచున్న పాఠమును వా రొక యాటవలన రెండు దినములలో గ్రహించిరి.

ఇట్టి యభ్యాస మెంతటి ఫలమునకు దారితీయగలదో తెలుపుట కొక నిజమైన యుదాహరణము చెప్పెదను. క్రీటు ద్వీపమున ఆర్థర్ ఇవాన్స్ 1900వ సంవత్సరమున త్రవ్వకములు మొదలిడి, మట్టి పలకలమీద నొక తెలియని లిపిని కనుగొనెను. దానికి లీనియర్ బి యని పేరు. 1936లో పదునాలుగేండ్ల విద్యార్థి మైకేల్ వెంట్రిస్ లండను నగరమున నొక ప్రదర్శనమును జూడబోయి, ఇవాన్స్‌ను కలిసికొని, ఆ లిపిని చదువవలెనని సంకల్పించెను. ఆ పలకలలోని భాష ఎట్రుస్కన్‌కు సంబంధించినదని యతని యూహ. పదునెనిమిదవ యేట, 1940లో, ఆ యూహను సమర్థించుచు పండితపత్రికలో వ్యాసము ప్రకటించెను. ఆ పక్షమునే యనేక సంవత్సరములు పట్టియుండెను. తుదకు 1952లో, అక్షరముల విలువలు తేలినకొలది, అవి ప్రాచీన గ్రీకు భాషా పదములుగా కనబడ నారంభించెను. తాను చిన్ననాటినుండి పెంచుకొన్న సిద్ధాంతమును త్రోసివైచి, అది గ్రీకు భాషయే యని యాయన లోకమునకు ప్రకటించెను. లిపిని చదువుట గొప్పదే. తన యూహను తానే చంపుకొనగల ధైర్యము అంతకంటెను గొప్పదని నా యభిప్రాయము.

అయినను కల్పిత చరిత్రకును నిజమైన చరిత్రకును గల భేదమును మఱువరాదు. క్రీటు పలకలను వ్రాసినవారు మనము కనుగొన్నను కనుగొనకున్నను నిజముగా నొక భాషను మాటలాడిరి. డ్వెమరుల విషయమున గ్రంథకర్తలు వ్రాయనిది జరుగనేలేదు. దాచబడిన సత్య మచ్చట నొకటి యున్నదని భ్రమించువాడు గోడమీది చిత్రములోని తలుపును తట్టువానివంటివాడు.

ఇంకొక యపాయమును గలదు. 'డాగర్‌ఫాల్' ఆటకు ఒకటికంటె నెక్కువ ముగింపులు గలవు. ఆడువాని యెన్నికనుబట్టి మహావిగ్రహముపై నధికారము వేఱువేఱు పక్షములకు చిక్కును. తరువాతి యాటలను రచించునప్పుడు వీనిలో నేది నిజమను ప్రశ్న వచ్చెను. రచయితలు, కాలమే పగిలి అన్నియు నేకకాలమున జరిగినవని పరిష్కరించిరి. కథలో నిది చమత్కారమైన యుపాయమే. కాని యొక విద్యార్థి, చరిత్ర పరీక్షలో రెండు విరుద్ధ వృత్తాంతముల నిచ్చి విచారింపుమని యడిగినప్పుడు, "రెండును నిజమే" యని వ్రాసి కలము క్రింద బెట్టెను. ఇది యౌదార్యముగ గనబడు సోమరితనము. నిజమైన యుద్ధములలో చంపినవాడును, చచ్చినవాడును ఇద్దరుందురు. వారి మాటలు రెండును సమానముగా నిజమనుట చచ్చినవానికి చేయు ద్రోహము. ఆటనుండి పరిశీలనమును నేర్చుకొనుడు; ఆటకు మాత్రమే తగిన యీ వెసులుబాటును చరిత్రలోనికి తేకుడు.

తల్లిదండ్రులకు నా విన్నపము: మీ బిడ్డ లిట్టి సిద్ధాంతములను చెప్పునప్పుడు కసరి పంపివేయకుడు. "ఇది ఎవరు చెప్పిరి? వారికెట్లు తెలియును?" అని రెండు ప్రశ్నలు వేయుడు. ఆట కెంత కాలమియ్యవలెనో నిర్ణయించుట మీ ధర్మము. ఆ ధర్మమును విడువుడని నేను చెప్పుట లేదు. నిద్రను, పాఠములను మ్రింగివేయు నే వినోదమైనను తగదు.

విద్యార్థులారా! ఊహించుట తప్పు గాదు. ఊహకు ఊహ యని పేరుపెట్టక, సత్యమని పేరుపెట్టుటయే తప్పు. మీ సిద్ధాంతమును చెప్పునప్పుడు, ఏ యాధారము దొరకినచో దానిని విడిచెదరో అదియు చెప్పుడు. అట్లు చెప్పలేని సిద్ధాంతముకొఱకు స్నేహితుని విడుచుట మిక్కిలి నష్టకరమైన బేరము. డ్వెమరులు తిరిగి వచ్చినను రాకున్నను మనకు కొఱత లేదు; ప్రక్కబల్లపై కూర్చుండు స్నేహితుడు మాత్రము మాటలాడవలెను.