చేత కూర్చిన తేలిక కారు

స్పోర్ట్స్ కారు అనే మాట వినగానే మన కళ్ళ ముందు మెదిలేది హైదరాబాదు నగరపు విశాల వీధులలో గర్జిస్తూ పోయే విదేశీ వాహనం. అది కోట్ల రూపాయల సరకు. దానిని కొనేవారికి మన సలహా అక్కరలేదు, మనకు దాని ప్రసక్తి అక్కరలేదు. మేము ఇక్కడ చెప్పదలచినది వేరొక జాతి కారును గురించి. అది చిన్నది, తేలికైనది, పైకప్పు లేనిది. భాగాలుగా తెచ్చుకొని యజమాని తన చేతులతో కూర్చుకొనేది. ఇటువంటి కారును కట్టడం, నడిపి ఆనందించడం నిజామాబాదు, బోధన్ ప్రాంతాల యువతీయువకులకు ఎంతో తగిన పని అని మా అభిప్రాయం. దానికి మన చట్టంలో ఒక ద్వారం తెరవాలనేది కూడా మా అభిప్రాయమే. ఈ రెండవ మాటకు అభ్యంతరాలు ఉన్నవి. వాటిలో కొన్ని బలమైనవే గనుక వాటిని దాటవేయక ముందుకు పోదాము.

ఈ జాతి కార్లకు మూలపురుషుడు ఇంగ్లండు దేశపు ఇంజనీరు కోలిన్ చాప్‌మన్. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, దాని భాగాలతో తన మొదటి కారును కట్టుకొన్నాడు. 1957లో అతని లోటస్ సంస్థ సెవెన్ అనే కారును లోకానికి చూపినది. రెండు సీట్లు, తలుపుల ఊసు లేని శరీరం, ముందు పొడవాటి ముక్కు, మడ్‌గార్డుల కింద విడిగా కనిపించే చక్రాలు. అంతకు మించి ఏమీ లేదు. ఆనాడు బ్రిటనులో పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను పడేది, భాగాలుగా కొంటే పడేది కాదు. కనుక చాలామంది దానిని పెట్టెలలో తెచ్చుకొని ఇంటి వెనుక షెడ్డులో కూర్చుకొన్నారు. కూర్చే విధానం వ్రాసి ఇస్తే పన్ను తప్పదని, విప్పే విధానం వ్రాసి ఇచ్చి దానిని చివరి నుండి మొదటికి చదువుకొమ్మన్నారని అక్కడ ఒక కథ చెప్పుకొంటారు. 1973లో విలువ ఆధారిత పన్ను వచ్చి ఆ వెసులుబాటు పోయినది. అదే సంవత్సరం సెవెన్ హక్కులు కేటర్‌హామ్ సంస్థ చేతికి వచ్చినవి. పన్ను లాభం పోయినా కూర్చుకొనే అలవాటు పోలేదు. డబ్బు ఆదా కోసం మొదలైన పని, ఆ పని మీది మక్కువతోనే నిలిచినదన్న మాట.

తేలికతనంలో ఉన్న లాభాన్ని అంకెలలో చూడవచ్చును. 1983 డిసెంబరులో మన దేశపు రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు, ఇంజను 796 సి.సి., శక్తి సుమారు 37 అశ్వాలు. 2021లో కేటర్‌హామ్ సంస్థ తెచ్చిన 170 అనే నమూనా బరువు సుమారు 440 కిలోలే. అందులోనిది సుజుకీ సంస్థవారి 660 సి.సి. ఇంజను, అంటే మన మారుతి ఇంజను కంటె చిన్నది. టర్బో సాయంతో అది 84 అశ్వాల శక్తినిస్తుంది. టన్ను బరువుకు లెక్క కడితే మారుతికి 57 అశ్వాలు, దీనికి 190. తేలిక బండికి లాభం పరుగులోనే కాదు, ఆగడంలోనూ ఉన్నది. అదే వేగంలో సగం బరువు బండి ఆగాలంటే బ్రేకులు మింగవలసిన శక్తి కూడా సగమే. టైర్లు తక్కువ అరుగుతవి, పెట్రోలు తక్కువ పడుతుంది, మలుపులో బండి చెప్పిన మాట వింటుంది. కొత్త ఇంజను కోసం అప్పు చేయడం కంటె ఉన్న బండిలో అనవసరమైన ఇనుమును తీసివేయడం మేలని చాప్‌మన్ జీవితమంతా నమ్మిన సూత్రం.

ఇదంతా ఇంగ్లండు సంగతి గదా, మనకేమి అని పాఠకులు అడుగవచ్చును. అందుకు సమాధానం ఒక ఉపాధ్యాయుని కథలో ఉన్నది. ఔండిల్ అనే ఊరి పాఠశాలలో పనిచేసిన రాన్ ఛాంపియన్, 250 పౌండ్ల ఖర్చుతో స్పోర్ట్స్ కారు కట్టుకొనే విధానాన్ని వివరిస్తూ 1996లో ఒక పుస్తకం వెలువరించినాడు. ఒక పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారును తెచ్చి, దాని ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు తీసుకొని, వాటిని తాము వెల్డింగు చేసుకొన్న చట్రంలో అమర్చడమే ఆ విధానం. ఆ చట్రానికి వాడినది ఏ అపురూప లోహమూ కాదు, ఒక అంగుళం చదరపు ఇనుప గొట్టం. దీనినే మన వెల్డింగు దుకాణాలలో స్క్వేర్ పైపు అంటారు. కిటికీ గ్రిల్లుకూ, గేటుకూ, మేడ మీది రేకుల షెడ్డుకూ నిత్యం కోస్తున్నది ఇదే. నాలుగు పైపులతో కట్టిన చదరం ఒత్తిడికి పక్కకు వాలిపోతుందని, మూల నుండి మూలకు ఒక పైపు వేస్తే నిలుస్తుందని గేటు చేసే ప్రతి మిస్త్రీకి తెలుసు. తేలిక కారు చట్రంలోని రహస్యం కూడా ఆ త్రిభుజమే.

ఆ మాటకు వస్తే బండిని భాగాలుగా కూర్చడం తెలుగు పల్లెకు కొత్త విద్య కాదు. వడ్రంగి చక్రపు ఆకులు చెక్కేవాడు, కమ్మరి ఇనుప పట్టాను నిప్పుల మీద ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించి నీళ్ళు పోసేవాడు, పట్టా బిగుసుకొని చక్రం ఒక్కటయ్యేది. బరువు మోసే బండి వేరు, కచ్చరమని పిలిచే సవారీ బండి వేరు. రెండవదానిలో కొయ్య తగ్గించి, వేగంగా పోయే ఎడ్లను కట్టేవారు. స్పోర్ట్స్ కారు అనే ఊహకు మన భాషలో పేరు లేకపోయినా మన ఊళ్ళలో రూపం ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఎద్దుబండి తరువాత ట్రాక్టరు వచ్చినది. చెరకు మోసే ట్రాలీలను ఈనాటికీ స్థానిక వెల్డింగు షెడ్లలోనే తయారుచేస్తున్నారు. నిజామాబాదు ఆటోనగర్‌లో ఒక గంట నిలబడి చూడండి. లేత్ మిషను ముందు ఒకరు, లారీ డిఫరెన్షియల్ విప్పుతూ ఒకరు, డెంటింగ్ సుత్తితో ఒకరు. అక్కడ ఉస్తాద్, షాగిర్ద్ అనే మాటలు రోజంతా వినబడుతవి. ముషాయిరాలో శాయరీ చెప్పే కవికి వాడే గౌరవపదమే ఇక్కడ మెకానిక్కుకూ వర్తిస్తుంది. షాగిర్దు వ్రాసిన షేర్‌ను ఉస్తాద్ దిద్దినట్లే షాగిర్దు వేసిన వెల్డింగును ఉస్తాద్ దిద్దుతాడు. దీనిని తక్కువ చేసి చూడడం చదువుకొన్నవారి అలవాటు, మంచి అలవాటు మాత్రం కాదు.

బోధన్ వైపు చూస్తే మనసు బరువెక్కుతుంది. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో చెరకు పండినది. ఆ చెరకు కోసం 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. చక్కెర మిల్లు అంటే పంచదార చేసే చోటు మాత్రమే అనుకోరాదు. గానుగాట నడిచేది సంవత్సరంలో కొద్ది నెలలే. మిగిలిన నెలలు రోలర్లు విప్పడం, బేరింగులు మార్చడం, పైపులు, పంపులు, బాయిలరు బాగుచేయడం. అంటే అది ఫిట్టర్లకూ టర్నర్లకూ వెల్డర్లకూ ఒక పెద్ద బడి. బడి మూతపడితే గురువుల విద్య శిష్యులకు చేరే దారి కూడా మూసుకొనిపోతుంది. ఒక చిన్న కారు ఆ నష్టాన్ని పూడ్చుతుందని మేము చెప్పబోము, అది హాస్యాస్పదం. కాని ఆ విద్యలన్నింటినీ ఒకే బల్ల మీదికి తెచ్చి, కుర్రవాడి చేత చేయించగల వస్తువు మరొకటి చెప్పుమంటే మాకు తోచదు.

మన ప్రాంతంలో దీనికి మూలద్రవ్యం ఏది? మారుతి 800 పనికిరాదు, దాని ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్ని వ్యాను సరిపోతుంది. అదే 796 సి.సి. ఇంజను అందులో నిలువుగా, ముందు సీట్ల కింద ఉండి, ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక ఇరుసును తిప్పుతుంది. ఈ అమరికే సెవెన్ జాతి కారుకు కావలసినది. 2019లో ఓమ్ని తయారీ ఆగిపోయినా, బడిపిల్లలనూ రోగులనూ మోసి అలసిన పాత వ్యాన్లు మన ఊళ్ళలో ఇంకా ఉన్నవి, వాటి విడిభాగాలు దొరుకుతవి, వాటిని కళ్ళు మూసుకొని విప్పగల మెకానిక్కులు ఉన్నారు. ఆ ఇంజనుతో పందెం గెలువలేము. గెలవవలసిన అవసరమూ లేదు.

ఎందుకంటే దీని ఆనందం వేరు. ఏప్రిల్, మే నెలలలో మన ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు పైకప్పు లేని కారులో కూర్చొనేవాడు రసికుడు కాడు, మూర్ఖుడు. కాని కార్తికం నుండి శివరాత్రి దాకా ఉదయాలు ఎంత హాయి! బోధన్ దారిలో కాలువ గట్ల వెంట పల్చని మంచు, ఎక్కడో బెల్లం వండే కడాయి నుండి వచ్చే తీపి వాసన, నేలకు జానెడెత్తున కూర్చొన్నట్లు అనిపించే ఆసనం. గంటకు 50 కిలోమీటర్ల వేగమే నూరులా తోస్తుంది. అద్దాలు బిగించిన చల్లని పెద్ద కారులో నూరు కూడా ముప్పైలా తోచి మనిషిని మోసగిస్తుంది. ఎక్కడైనా చప్పుడు మారితే ఆ చప్పుడు ఏ బోల్టుదో యజమానికి తెలుసు. బిగించినది తానే గదా. కొన్న కారుకు మనిషి యజమాని మాత్రమే అవుతాడు. దీనికి యజమాని, మెకానిక్కు, డ్రైవరు అన్నీ తానే.

ఇప్పుడు చట్టం. మన దేశంలో ఇటువంటి కారును కట్టవచ్చును గాని రోడ్డు మీద నడపడానికి దారి దాదాపు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. ఓమ్నిని విప్పి వేరొక కారు చేస్తే పాత రిజిస్ట్రేషను చెల్లదు. కొత్త వాహనంగా చూపుదామా అంటే 1989 నాటి కేంద్ర నియమావళిలోని 126వ నియమం ప్రకారం దాని నమూనాను పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలలో పరీక్ష చేయించవలసి ఉంటుంది. వేల కార్లు అమ్మే కంపెనీకి ఆ వ్యయం లెక్కలోనిది కాదు, ఒక్క కారు కట్టిన విద్యార్థికి అది ఆకాశం. మహారాష్ట్రలోని అలీబాగ్‌లో చింకారా సంస్థవారు ఇసుజు ఇంజనుతో సెవెన్ పోలిక గల రోడ్‌స్టర్‌ను తయారుచేసి అమ్మినారు గాని, అది ఒక సంస్థ చేసిన పని. హైదరాబాదులో జూపార్కు దగ్గర సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బంతి, బూటు, కప్పు ఆకారాల కార్లను చూడడానికి జనం టిక్కెట్టు కొని వస్తారు. అంటే చేత చేసిన కారు మీద మన జనానికి మోజు లేదనలేము.

చట్టం అంత కఠినంగా ఉండడానికి కారణం లేకపోలేదు. ఉత్తర భారతంలో జుగాడ్ అనే బండ్లున్నవి. పొలంలో నీళ్ళు తోడే డీజిల్ ఇంజనును ఒక చట్రానికి తగిలించి, నమ్మకమైన బ్రేకులు లేకుండా ఇరవై ముప్పై మందిని ఎక్కించుకొని పోయేవి. అవి కూడా మోటారు వాహనాలేననీ, చట్టానికి లోబడవలసినవేననీ సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. అది సరియైన తీర్పు. మన రోడ్ల మీద కూడా వెనుక దీపాలు లేని ట్రాలీలు రాత్రివేళ చెరకు గడలు బయటికి పొడుచుకొని పోతూ ఉంటవి. సెవెన్ వంటి కారు ట్రాక్టరు వెనుక చక్రం కంటె ఎత్తు ఉండదు. లారీ డ్రైవరు కళ్ళకు అది కనబడకపోయే ప్రమాదం నిజంగానే ఉన్నది. తేలిక కారులో మనిషికీ ఢీకొనే వస్తువుకూ మధ్య ఇనుము తక్కువ. ఈ సత్యాన్ని దాచి ఆనందాన్ని మాత్రమే పొగిడేవారిని నమ్మవద్దు.

అయితే పరీక్ష లేకుండా వదిలివేయడం ఒక అంచు అయితే, పరీక్షకు వచ్చే దారినే మూసివేయడం రెండవ అంచు. బ్రిటనులో చేత కట్టిన ఒక్క కారునైనా అధికారి స్వయంగా పరిశీలించి, సరిగా ఉంటే రోడ్డుకు అనుమతించే పద్ధతి ఉన్నది. మన దేశంలో కూడా చట్టం అవసరాన్ని బట్టి వంగినది. ఈ-రిక్షాలు మొదట నియమాలకు బయటనే తిరిగినవి, 2015లో చట్టాన్ని సవరించి వాటికి చోటు కల్పించినారు. పేదవాడి జీవనోపాధికీ విద్యార్థి కారుకూ పోలిక లేదని ఒప్పుకొంటాము. కాని ద్వారం తెరవడం సాధ్యమేనని మాత్రం ఆ సవరణ నిరూపించినది.

పరీక్ష ఎట్లా ఉండాలో కూడా కొత్తగా కనిపెట్టవలసిన పనిలేదు. విద్యార్థులు కార్లు కట్టి పోటీపడే ఫార్ములా ఎస్.ఏ.ఇ. 1981లో అమెరికాలో మొదలైనది. మన దేశంలో 2007 నుండి బాహా పోటీలు, కోయంబత్తూరులో ఫార్ములా భారత్ పోటీలు జరుగుతున్నవి. ఫార్ములా పోటీలలో కారును పరుగుకు వదిలే ముందు 60 డిగ్రీలు పక్కకు వంచి చూస్తారు, పల్టీ కొట్టరాదు, ఇంధనం కారరాదు. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకోవాలి. డ్రైవరు బెల్టులు విప్పుకొని అయిదు సెకండ్లలో బయటపడాలి. ఈ పరీక్షలు నెగ్గిన కారు కూడా పోటీ ముగియగానే కళాశాల షెడ్డులో దుమ్ము కప్పుకొని కూర్చొంటుంది. ఎంత వ్యర్థం! ఇవే పరీక్షలకు రోడ్డుకు కావలసిన దీపాలు, హారను, పొగ కొలత, వెనుక వచ్చేవారికి కనబడే ఎత్తైన ఎర్ర జెండా చేర్చి, జిల్లా కేంద్రంలో ఒక పాలిటెక్నిక్కుకు ఆ అధికారం ఇచ్చి, పగటివేళ మాత్రమే, ఇద్దరిని మించకుండా, కిరాయికి తిప్పకుండా నడపాలని షరతులు పెట్టవచ్చును. ఆ షరతులను మేము సంతోషంగా ఒప్పుకొంటాము.

చట్టం మారే దాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని కూడా లేదు. ఫ్యాక్టరీలో గాని ప్రహరీ గల ఆవరణలో గాని మాత్రమే వాడడానికి ప్రత్యేకంగా చేసిన వాహనం, చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం మోటారు వాహనమే కాదు. కళాశాల మైదానానికి ప్రహరీ ఉన్నది. కావలసినవి ఒక పాత ఓమ్ని, స్క్వేర్ పైపు, ఒక వెల్డింగు మిషను, వారానికి రెండు సాయంత్రాలు వచ్చి తప్పులు దిద్దే ఒక ఉస్తాద్. ఆయనకు అతిథి అధ్యాపకుని గౌరవం, ఆ గౌరవానికి తగిన పారితోషికం కళాశాల ఇవ్వాలి. శక్కర్‌నగర్‌లో పనిచేసి ఇంట కూర్చొన్న ఫిట్టరు ఎవరైనా ముందుకు వస్తే ఆయనకే మొదటి పిలుపు. చట్రం పూర్తయిన నాడు ఇంజను ఎక్కించకముందే దానిని నలుగురు విద్యార్థులు చేతులతో ఎత్తి చూడాలి. ఎత్తలేకపోతే ఎక్కడో ఇనుము ఎక్కువ పడినట్లు. మళ్ళీ కొలతలు తీయవలసినదే.