పేగు చెప్పే కబురు

బరువు తగ్గితే షుగరూ దిగుతుంది. దమ్మాయిగూడలో పొద్దున్నే వాకింగ్‌కు బయల్దేరేవాళ్లలో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. మరి బరువు ఇంకా తగ్గకముందే, ఆపరేషన్ జరిగిన కొద్దిరోజులకే షుగరు దిగిపోతే? సర్జన్లను చాలా ఏళ్లు తికమక పెట్టిన ప్రశ్న ఇది.

అమెరికాలోని నార్త్ కరోలినాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ ఊబకాయులకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేసేవారు. జీర్ణాశయాన్ని చిన్న సంచిలా కుదించి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి, తిన్నది నేరుగా కిందికి చేరేలా చేసే ఆపరేషన్ అది. 1995లో ఆయన తన లెక్కలు బయటపెట్టారు. షుగరు జబ్బున్న 146 మందిలో 121 మందికి గ్లూకోజు మామూలు స్థాయికి వచ్చి, అక్కడే నిలిచింది! ఆపరేషనైన కొత్తలో ఎవరూ సరిగా తినరు కాబట్టి షుగరు తగ్గడంలో దాని వాటా కొంత ఉంటుంది. కానీ కథంతా అదే కాదు.

అసలు కథ పేగులో ఉంది. మనం పేగును అన్నం అరిగించే గొట్టం అనుకుంటాం. నిజానికి అదో పెద్ద హార్మోన్ల కర్మాగారం. జీర్ణాశయంలో ఎక్కువగా తయారయ్యే ‘గ్రెలిన్’ ఆకలి పుట్టిస్తుంది. దీన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా ఊరే ‘జీఎల్‌పీ-1’ పని దీనికి తలకిందులు. ‘ఇక చాలు’ అని మెదడుకు కబురు పంపుతుంది, ‘ఇన్సులిన్ వదులు’ అని క్లోమగ్రంథికి చెబుతుంది. బైపాస్ తర్వాత తిండి పేగు కింది భాగానికి త్వరగా చేరుతుంది కాబట్టి ఈ కబురూ త్వరగా, గట్టిగా వెళుతుంది. 2004లో ఫ్రాన్సెస్కో రుబినో అనే సర్జన్ లావు లేని షుగరు ఎలుకలకు పేగు దారి మళ్లించి చూశారు. వాటికీ షుగరు అదుపులోకి వచ్చింది. అంటే బరువుతో సంబంధం లేకుండా పేగుకు తనదంటూ ఓ పాత్ర ఉందన్నమాట.

తిండిని త్వరగా కిందికి పంపే బదులు, ఆ కింది పేగునే పైకి తెస్తే? బ్రెజిల్ సర్జన్ ఆరియో డిపౌలా చేసిన ఆలోచన ఇది. మన హైదరాబాద్‌లో దాన్ని చేపట్టింది కిర్లోస్కర్ ఆస్పత్రి సర్జన్ డాక్టర్ సురేంద్ర ఉగాలే. చిన్నపేగు చివరి భాగంలోంచి మీటరుకు పైగా ముక్కను, రక్తనాళాలు తెగకుండా, పైభాగంలో అతికిస్తారు. దాంతోపాటు జీర్ణాశయాన్ని అరటికాయలా సన్నగా కత్తిరిస్తారు. గ్రెలిన్ తగ్గుతుంది, జీఎల్‌పీ-1 పెరుగుతుంది. మరీ లావు కానివాళ్లకూ ఇది పనికొస్తుందా అన్నది ఆయన బృందం పరీక్షించిన విషయం. ప్రపంచమంతా ఒప్పుకున్న మామూలు ఆపరేషన్ల జాబితాలో మాత్రం ఇది ఇంకా చేరలేదు.

ఈ బృందం చేసిన మరో పని ఇంకా ఉపయోగకరమనిపిస్తుంది. ఆపరేషన్ ఎవరికి ఫలిస్తుందో ముందే అంచనా వేసే మార్కుల పద్ధతిని 2014లో వాళ్లు ప్రచురించారు. వయసెంత, షుగరు వచ్చి ఎన్నేళ్లయింది, లావు ఎంత, ఇన్సులిన్ వాడుతున్నారా, కళ్లూ కిడ్నీలూ గుండే దెబ్బతిన్నాయా, క్లోమంలో ఇంకా ఎంత సత్తువ ఉంది... ఇలా ఏడు అంశాలు. చివరిదాన్ని సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష చెబుతుంది. క్లోమమే చేతులెత్తేస్తే పేగు ఎంత గట్టిగా కబురు పెట్టినా వినేవాళ్లుండరు కదా!

అందుకే ‘షుగరు శాశ్వతంగా మాయం’ అనే ప్రకటనలను నమ్మి పొలం అమ్ముకోకూడదు. అమెరికాలో 150 మందితో జరిగిన ‘స్టాంపీడ్’ అధ్యయనం అయిదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల సగటు షుగరు ఆరు శాతానికి మించకుండా ఉన్నది బైపాస్ చేయించుకున్నవాళ్లలో 29 శాతం మందికి, జీర్ణాశయం కత్తిరించినవాళ్లలో 23 శాతం మందికి, మందులతోనే సరిపెట్టుకున్నవాళ్లలో 5 శాతం మందికి. మందుల కన్నా ఎన్నో రెట్లు మేలే, కానీ అందరికీ కాదు. పైగా బి12, ఐరన్, కాల్షియం మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. ఆపరేషన్ ఖర్చు లెక్కేసుకునేటప్పుడు ఇంట్లోవాళ్లు మరిచిపోయేది దీన్నే.

ఇప్పుడు అదే హార్మోను సూదిమందుగానూ వచ్చింది. శరీరంలో ఊరే జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో సగం కరిగిపోతుంది. దాన్ని అనుకరిస్తూ తయారుచేసిన సెమాగ్లుటైడ్ వారానికోసారి తీసుకుంటే చాలు. జీఎల్‌పీ-1తోపాటు మరో పేగు హార్మోను పనీ చేసే టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశంలో అమ్మకానికొచ్చింది. అయితే సెమాగ్లుటైడ్ మానేసినవాళ్లను ఏడాదిపాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసిందని 2022లో తేలింది. సూదిని ఆపేయొచ్చు. కత్తిరించిన జీర్ణాశయాన్ని మాత్రం మళ్లీ అతికించలేరు.