మైకు కొనే ముందు గది మాట వినాలి

గొంతును నమ్ముకుని చేసే పని ఇవాళ స్టూడియో గడప దాటి ఇళ్లలోకి వచ్చింది. యూట్యూబ్ వార్తా ఛానెళ్లు, కుకు ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎం వంటి యాప్‌లు, దాసుభాషితం లాంటి తెలుగు ఆడియో పుస్తకాల వేదికలు, పోటీ పరీక్షల పాఠాలు, ఊళ్లో కొత్తగా తెరిచిన దుకాణం ప్రకటన... అన్నింటికీ చదివే గొంతు కావాలి. భూపాలపల్లి నుంచి హైదరాబాద్ స్టూడియోకు వెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల యువతకు ఈ పనిలోకి వెళ్లే దగ్గరి దారి ఇంట్లో రికార్డింగే. ఆ దారిలో మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ మైకు కొనాలన్నది. ఎంత సన్నని ధ్వనినైనా పట్టేదే మంచి మైకని ప్రకటనలు చెబుతాయి. గోడలకు మెత్తలు పరిచి, తలుపులు బిగించిన స్టూడియోలో ఆ మాట నిజం. మన ఇళ్లలో మాత్రం నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని మాట్లాడనిచ్చే మైకే మంచి మైకు. కొద్దిపాటి డబ్బుతో మొదలుపెట్టేవారికి ధర కన్నా, బ్రాండు కన్నా ఆ దూరమే ముఖ్యం.

ముందు మన ఇళ్ల సంగతి చూద్దాం. పట్టణాల్లో ఇప్పుడు ఎటు చూసినా స్లాబు ఇళ్లే. సిమెంటు గోడలు, టైల్స్ నేల, నున్నటి పైకప్పు. ఇవేవీ ధ్వనిని మింగవు, తగిలిన మాటను తగిలినట్టే వెనక్కి కొడతాయి. రేకుల ఇల్లయితే వాన పడిన పూట రికార్డింగ్ ఆగినట్టే. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపి కూర్చోవడమే ఒక పరీక్ష. ఇక బయటి చప్పుళ్లు. జనగామ సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద ఉంది, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గం మీద ఉంది. భూపాలపల్లి దారుల్లో సింగరేణి బొగ్గు లారీలు తిరుగుతాయి. మరోవైపు పని ఇచ్చేవారి కొలతలు చూడండి. ఆడిబుల్‌కు పుస్తకాలు అందించే ఏసీఎక్స్ వేదిక నియమం ప్రకారం, ఎవరూ మాట్లాడనప్పుడు రికార్డింగ్‌లో మిగిలే చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ దాటకూడదు. మాట సగటు మట్టం మైనస్ 23కూ మైనస్ 18కీ మధ్య ఉండాలి. అంటే మాటకూ మౌనానికీ నడుమ సుమారు 40 డెసిబెల్స్ ఎడం కావాలి. ఫ్యాను తిరుగుతున్న గదిలో మూరెడు దూరాన మైకు పెడితే, అది లక్ష రూపాయలదైనా ఆ ఎడం తెచ్చిపెట్టలేదు.

గది ఎంత పని చేస్తుందో 1895లో మొదలైన ప్రయోగాలతోనే లెక్కకు అందింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో చెప్పే పాఠం వినేవారికి అర్థమయ్యేది కాదు. కారణం కనిపెట్టే పనిని భౌతికశాస్త్రం బోధించే యువకుడు వాలెస్ సబైన్‌కు అప్పగించారు. ఖాళీ మందిరంలో ఒక్క మాట ఐదు సెకన్లకు పైగా మోగేది. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్లు తెప్పించి, అవి పెరిగేకొద్దీ ఆ మోత ఎంత తగ్గుతుందో ఆయన కొలిచాడు. గది ధ్వని శాస్త్రానికి పునాది ఆ మెత్తలే. మందంగా ఉండి, లోపలికి గాలి చొరబడే గుడ్డ ధ్వనిని మింగుతుంది. పాత చీరలతో మన ఇళ్లలో కుట్టుకునే బొంత అలాంటిదే. మాట్లాడేవారి వీపు వెనక, రెండు పక్కలా దండెం కట్టి బొంతలు వేలాడదీస్తే గది మారుమోత బాగా తగ్గుతుంది. మైకు చూసేది మాట్లాడేవారి వైపు కాబట్టి వీపు వెనక బొంతే అన్నింటికన్నా ముఖ్యం. గోడలకు గుడ్ల ట్రేలు అతికిస్తే ఒరిగేది పెద్దగా ఉండదు. అయితే బొంత లోపలి మోతనే తగ్గిస్తుంది, బయటి లారీని ఆపలేదు. లారీకి విరుగుడు వేళ. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి, ఐదేసి నిమిషాల ముక్కలుగా చదువుకోవాలి.

గది తర్వాత దూరం. ధ్వని వచ్చే చోటికీ మైకుకూ మధ్య దూరాన్ని సగం చేస్తే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మూరకు రెండు జానలు, జానకు మూడు బెత్తెలు. మూరెడు నుంచి జానెడుకు జరిగితే 6 డెసిబెల్స్, జానెడు నుంచి బెత్తెడుకు వస్తే మరో తొమ్మిదిన్నర. గది మోత, ఫ్యాను చప్పుడు మాత్రం మైకు దగ్గర అంతే ఉంటాయి. ఆ మేరకు గెయిన్ (మైకు ధ్వనిని పెంచే మట్టం) తగ్గించుకుంటే అవి వెనక్కి పోతాయి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చే ఈ పదిహేను డెసిబెల్స్ లాభం ధర పెంచి కొన్న మైకు వల్ల రాదు. అంత దగ్గరి మాటను తట్టుకునేది డైనమిక్ రకం మైకు. ఐదారు వేల రూపాయల పరిధిలో దొరికే ఫైఫైన్ ఏఎం8 వంటి డైనమిక్ మైకులు యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటర్‌కు కలుస్తాయి, మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పరికరం ఖర్చు వేరే ఉండదు. తర్వాత సంపాదన పెరిగితే ఎక్స్ఎల్ఆర్ తీగతో పెద్ద పరికరానికీ అదే మైకు పనికొస్తుంది. కొనేటప్పుడు మైకుకే హెడ్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో చూడాలి. మన రికార్డింగ్‌లో ఏ చప్పుడు దూరుతోందో అప్పటికప్పుడు వినిపించేది అదే.

స్టూడియోల్లో వాడే మరో రకమైన కండెన్సర్ మైకులో ఉండే స్పష్టత డైనమిక్‌లో రాదని అనుభవజ్ఞులు అంటారు. అది కాదనలేని మాట. కండెన్సర్ పొర తేలికైనది, సన్నని ధ్వనులను బాగా పడుతుంది. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. డైనమిక్ మైకు గది చప్పుళ్లను మంత్రించి ఆపదు. ఒకే దిక్కుకు వినే కండెన్సర్‌ను అదే బెత్తెడు దూరంలో పెడితే గది మోతలో తేడా కొద్దిదే. కానీ అంత దగ్గర్లో కండెన్సర్ ప, బ, భ పలికినప్పటి గాలి దెబ్బను, నోటి తడి చప్పుళ్లను సైతం పెద్దవి చేసి చూపిస్తుంది. వాటికి భయపడి మైకును దూరం జరుపుతాం, జరిపిన ప్రతి బెత్తెతో గది లోపలికి వస్తుంది. డైనమిక్ అంటే తక్కువ రకం అనుకోవడమూ పొరపాటే. 1982లో వచ్చిన ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో మైకేల్ జాక్సన్ గొంతుకు ఇంజినీర్ బ్రూస్ స్వీడియన్ వాడినది షూర్ ఎస్ఎం7 అనే డైనమిక్ మైకే. స్టాండు, కవచం కలిపి వెయ్యి, రెండు వేలకు కిట్‌గా అమ్మే కండెన్సర్లతోనే అసలు చిక్కు. కండెన్సర్ స్పష్టత పూర్తిగా ఇవ్వవు, గది మోతను మాత్రం తెస్తాయి.

కంప్యూటరే లేనివారి మాటేమిటి? ఫోనుతో మొదలుపెట్టడంలో చిన్నతనం లేదు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే బోయా బీవై-ఎం1 వంటి కాలర్ మైకు కండెన్సర్ జాతిదే, పైగా అన్ని దిక్కులా వింటుంది. అయినా చొక్కాకు తగిలించుకుంటే బొంతల మధ్య చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అది నోటికి దగ్గరగా ఉంటుంది. దూరమే అసలు విషయమనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. చప్పుళ్లు తీసేసే సాఫ్ట్‌వేర్ ఉండగా ఈ అవస్థ ఎందుకని అడిగేవారూ ఉన్నారు. ఆడాసిటీ ఉచితం, కృత్రిమ మేధతో గొంతును శుభ్రం చేసే సేవలూ వచ్చాయి. కొద్దిపాటి ఫ్యాను రొదకు అవి చాలు. మోత నిండిన రికార్డింగ్‌ను గట్టిగా తోమితే మాటే అరుగుతుంది. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, ఆ చివరి అచ్చు మెల్లగా దిగిపోతుంది. చప్పుడుతో పాటు దాన్నీ కోసేస్తే వాక్యం తెగిపోయినట్టు వినిపిస్తుంది. అలా పోయిన అచ్చును వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఇక అన్నింటికన్నా బరువైన అభ్యంతరం. యంత్రమే తెలుగు చదివేస్తుంటే మనిషి గొంతుకు పని ఎక్కడిదని. పుస్తకాల తెలుగును యంత్రం చదవగలదు, ఆ మేరకు కొంత పని పోతుంది కూడా. కానీ యంత్రం నేర్చుకునేది రికార్డయిన గొంతుల నుంచే. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి, మొజిల్లా సంస్థ నడిపే కామన్ వాయిస్ వంటి ప్రయత్నాలకు రకరకాల యాసల గొంతులు కావాలి. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య, 2024లో పద్మశ్రీకి ఎంపికైన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య జనగామ జిల్లా వారే. వందల మందికి వినబడేలా గొంతెత్తే ఆ కళల గడ్డ మీద, ఒక్కరి చెవిలో చెప్పినట్టు మాట్లాడే కొత్త విద్య కూడా పెరగాలి. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. వారిలో చాలామంది మాట్లాడే లంబాడీ భాషకు అందరూ వాడే సొంత లిపి లేదు, కాబట్టి దానికి శబ్దమే పుస్తకం. ఈ గొంతులు మోత లేకుండా రికార్డు కాకపోతే రేపటి యంత్రాలకు మన యాస తెలియనే తెలియదు.

కనుక ఖర్చుకు ఒక వరుస ఉండాలి. మొదట బొంతలు, వేళ. తర్వాత ఫోనుతో సాధన. చేసిన పనికి నాలుగు డబ్బులు వస్తాయన్న నమ్మకం కుదిరాక యూఎస్‌బీ డైనమిక్ మైకు. కండెన్సర్ మైకు, ఇంటర్‌ఫేస్ సంపాదన మొదలయ్యాకే, అప్పులూ వాయిదాలూ లేకుండా. ఈ వరుసలో ప్రభుత్వమూ ఒక మెట్టు వేయగలదు. మూడు జిల్లా కేంద్రాల గ్రంథాలయాల్లో ఒక చిన్న గదిని మెత్తలతో కప్పి, ఒక మంచి డైనమిక్ మైకు, ఒక కంప్యూటరు పెట్టి గంటల చొప్పున యువతకు ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఇంట్లో కొనలేనివారు అక్కడ నేర్చుకుంటారు, కొనదలచినవారు ముందు అక్కడ తమ గొంతు విని చూసుకుంటారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చే బడ్జెట్‌లోనే ఈ పని మొదలుపెట్టాలి.